నట్టింటి స్టూడియో: రూడీ వాన్ గెల్డర్ ధ్వనిముద్ర

జార్జ్ వాషింగ్టన్ వంతెన దాటి న్యూజెర్సీ వైపు దిగి, హడ్సన్ నది కొండచరియల వెంబడి ఉత్తరంగా సిల్వన్ అవెన్యూ మీద కొద్ది దూరం పోతే, చెట్ల మాటున ఒక భవనం ఉంటుంది. ఆసుపత్రికి పోయే తొందరలో దాదాపు పన్నెండేళ్ళు ఆ దారిన తిరిగాను. అది ఏమిటో నాకు తెలియదు. ప్రార్థనామందిరమేమో అనుకునేవాణ్ణి. జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' అక్కడే ఒక సాయంత్రం, 1964 డిసెంబర్ 9న, ముద్రితమయిందని తెలిసిన రోజున కారు పక్కకు ఆపి కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను.

ఆ సంగతి నాకు తెలియజేసింది హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడు. సినిమా పాటల స్టూడియోలో మిక్సింగ్ ఇంజనీరు దగ్గర సహాయకుడుగా పనిచేస్తున్నాడు. వేర్వేరుగా ముద్రించిన గొంతునూ, వాద్యాలనూ కలిపి, ఏది ముందు వినపడాలి, ఏది వెనక ఉండాలి, ఏది ఎంత దూరంలో ఉన్నట్టు తోచాలి అన్నది నిర్ణయించే పని అది. "మామయ్యా, పెద్దవాళ్ళ మిక్స్ ఏది విన్నా అది ఎవరిదో చెప్పగలుగుతున్నాను. నాది వింటే మాత్రం ఎవరిదీ కాదనిపిస్తోంది. సొంత బాణీ అనేది ఎట్లా వస్తుంది?" అని అడిగాడు. నేను ఊపిరితిత్తుల వైద్యుణ్ణి. ఏడో తరగతిలో సంగీతం మేష్టారు నన్ను వరసలోంచి బయటికి పంపించినప్పటినుంచి వినడమే తప్ప పాడడం ఎరగను. అయినా వాడి ప్రశ్న నన్ను వదలలేదు. ఆ భవనాన్ని కట్టించినవాడి కథలో దానికి జవాబు కొంత దొరుకుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

రూడాల్ఫ్ వాన్ గెల్డర్ 1924లో జెర్సీ సిటీలో పుట్టాడు. తల్లిదండ్రులకు ఆడవాళ్ళ బట్టల దుకాణం ఉండేది. కుర్రవాడికి జాజ్ పిచ్చి, రేడియోల పిచ్చి. ట్రంపెట్ నేర్చుకున్నాడు కాని అది అంతంతమాత్రమే. ఫిలడెల్ఫియాలో ఆప్టోమెట్రీ చదివి, టీనెక్ పట్టణంలో కంటి చూపు పరీక్షించి అద్దాలు రాసే ప్రాక్టీసు పెట్టుకున్నాడు. ఆప్టోమెట్రిస్టు అంటే కంటి శస్త్రచికిత్సలు చేసే వైద్యుడు కాదు. మన ఊళ్ళలో జనం 'అద్దాల డాక్టరు' అంటారే, ఆయన. 1959 దాకా, అంటే ఆధునిక జాజ్ చరిత్రలో లెక్కకెక్కిన రికార్డులు ఎన్నో ఆయన చేతిమీదుగా వెలువడుతున్న కాలమంతా, పగలు ఈ ఉద్యోగమే చేశాడు. రికార్డింగులు సాయంత్రాలూ సెలవుదినాలూ. కళ్ళద్దాల మీద సంపాదించింది మైకులకూ యంత్రాలకూ పోయేది.

స్టూడియో ఎక్కడ? తల్లిదండ్రుల ఇంట్లో, నట్టింట్లో. హాకెన్‌సాక్ పట్టణంలో 1946లో వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు, కొడుకు కోరిక మీద హాలు పక్కన ఒక చిన్న గదీ, రెంటికీ మధ్య అద్దాల కిటికీ ఏర్పాటు చేయించారు. హాల్లో పియానో, డ్రమ్ములు, వాద్యకారులు. పక్క గదిలో కొడుకు. మైల్స్ డేవిస్, థెలోనియస్ మంక్, హొరేస్ సిల్వర్, ఆర్ట్ బ్లేకీ వంటివారు ఆ ఇంటి హాల్లోకి వచ్చి వాయించి వెళ్ళారు. మంక్ తన స్వరరచన ఒకదానికి 'హాకెన్‌సాక్' అనే పేరు పెట్టింది ఈ ఊరిని తలచుకునే. అర్ధరాత్రి దాకా ఇంట్లో సాక్సోఫోన్లు మోగుతుంటే ఊరుకున్న ఆ తల్లిదండ్రుల ఓపికను జాజ్ చరిత్రకారులు మరికాస్త గుర్తించి ఉండవలసిందని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పాలి. ఈనాడు మిక్సింగ్ అంటే ముద్రణ అయిపోయాక తీరిగ్గా చేసే పని. 1950లలో అది వేరే అంచె కాదు. నాలుగైదు మైకులనుంచి వచ్చే ధ్వనులు ఒక బల్ల మీది మీటల గుండా పోయి, అక్కడికక్కడే కలిసి ఒక్క ట్రాక్‌గానో రెండు ట్రాకులుగానో టేపు మీదికి ఎక్కేవి. ట్రంపెట్ సోలో మొదలయ్యే క్షణాన దాని మీట పైకి జరగాలి, పియానో వంతు వచ్చేసరికి మరొకటి. పొరపాటు జరిగితే దిద్దుకునే వీలు లేదు. మహా అయితే టేపు కోసి వేరే ప్రయత్నంలోని ముక్కను అతికించవచ్చు. అంటే మిక్సింగ్ ఇంజనీరు కూడా వాద్యబృందంతో పాటు ఆ ఏడెనిమిది నిమిషాలూ 'వాయిస్తున్న'వాడే. 1954 డిసెంబర్ 24న మైల్స్ డేవిస్ బృందం 'ద మ్యాన్ ఐ లవ్' వాయిస్తున్నప్పుడు మొదటి ప్రయత్నం తడబడింది. అప్పుడు మైల్స్ రూడీని పేరు పెట్టి పిలిచి, ఇదంతా రికార్డులో ఉంచమని చెప్పడం వినపడుతుంది. ఉంచారు. కిటికీ అవతలి మనిషి ఆ బృందంలో ఒకడని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అవసరం లేదు.

విచిత్రమేమిటంటే దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి కూడా అదే బెర్గెన్ కౌంటీలోనే పుట్టి పెరిగింది. హాకెన్‌సాక్‌కు వాయవ్యంగా మావా అనే ఊళ్ళో గిటారిస్టు లెస్ పాల్ కాపురం ఉండేవాడు. ఆయన పట్టుదల మీద యాంపెక్స్ కంపెనీ ఎనిమిది ట్రాకుల టేపు యంత్రాన్ని తయారుచేసి 1957లో ఆయన ఇంటికి చేర్చింది. ఒక్కొక్క వాద్యాన్ని ఒక్కొక్క ట్రాకు మీద, వేర్వేరు సమయాల్లో ముద్రించి, తర్వాత కలుపుకోవచ్చు. మా మేనల్లుడి ఉద్యోగానికి మూలపురుషుడు లెస్ పాల్ అన్నమాట. వాన్ గెల్డర్ కాదు. అయినా వాడి ప్రశ్నకు జవాబు వాన్ గెల్డర్‌లోనే వెతుకుతున్నాను. మార్చుకునే అవకాశం లేనివాడు ఏం ఎంచుకున్నాడో తెలుసుకోవడం తేలిక.

ఆయన ఎంచుకున్నవి ఏమిటి? మొదటిది, దగ్గరితనం. జర్మనీ నుంచి వచ్చిన నాయ్‌మన్ యు47 అనే కండెన్సర్ మైకును అమెరికాలో తొలిగా కొన్న కొద్దిమందిలో ఆయన ఒకడు. సున్నితమైన మైకు అది. అప్పటి అలవాటు ప్రకారం దూరంగా పెట్టి గది మొత్తాన్ని వినిపించడానికి వాడేవారు. ఆయన దాన్ని వాద్యానికి చాలా దగ్గరగా జరిపాడు. కారణం కళాదృష్టి ఒక్కటే కాకపోవచ్చు. ఇంటి హాలు కచేరీ హాలు కాదు. దూరంగా పెట్టడానికి అక్కడ దూరమే లేదు. దగ్గరగా పెట్టిన మైకులో సాక్సోఫోన్ రీడు మీద గాలి రాసుకునే చప్పుడు కూడా పడుతుంది. డ్రమ్ముల తాళాలు వెనకాల ఎక్కడో గలగలమనకుండా, కర్ర తగిలిన చోటు చూపించగలిగేటంత స్పష్టంగా వినిపిస్తాయి. దగ్గరితనం వల్ల పోయే గది గాంభీర్యాన్ని ఆయన కృత్రిమ ప్రతిధ్వనితో పూరించేవాడు. తరువాతి కాలంలో జర్మన్ కంపెనీ ఈ.ఎం.టి. చేసిన పెద్ద ఉక్కురేకును ఇందుకే వాడాడు. రేకును ధ్వనితో కంపింపజేసి, ఆ కంపనాన్ని తిరిగి అందుకుని అసలు ధ్వనికి కలుపుతారు. మనిషి మీ ఎదుటే ఉన్నాడు, కాని అతని వెనక ఏదో పెద్ద ఖాళీ ఉంది: వాన్ గెల్డర్ రికార్డు వినగానే తోచే ఈ వైరుధ్యం ఇట్లా పుట్టింది.

రెండవది, మట్టం. టేపుకు సహజంగా ఒక 'స్‌స్' అనే సొద ఉంటుంది. దాన్ని కప్పాలంటే సంగీతాన్ని వీలైనంత గట్టిగా ముద్రించాలి. మరీ గట్టిదైతే చెదిరిపోతుంది. ఆ అంచు మీద నడవడానికి కంప్రెసర్ అనే సాధనం పనికొస్తుంది. ధ్వని హద్దు మీరబోయే క్షణంలో దాన్ని కిందికి నొక్కిపడుతుంది. ఎస్తోనియాలో పుట్టి అమెరికా చేరిన రైన్ నార్మా అనే ఇంజనీరు వాన్ గెల్డర్‌కు మిక్సింగ్ బల్ల తయారుచేసి ఇచ్చాడు. అదే నార్మా రూపొందించిన ఫెయిర్‌చైల్డ్ 660 కంప్రెసర్ తొలి ప్రతుల్లో ఒకటి హాకెన్‌సాక్‌కే చేరింది. ఈనాడు సంగీతపు సాఫ్ట్‌వేర్లలో ఫెయిర్‌చైల్డ్ పేరుతో దొరికే అనుకరణలన్నీ ఆ కుటుంబపు మునిమనవలే. మా వాడు రోజూ మౌసుతో తిప్పే ఆ బొమ్మ మీట అసలుది ఒకప్పుడు మా ఇంటికి పావుగంట దూరంలో ఉండేదని చెబితే నమ్మలేదు.

మూడవది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. టేపు నుంచి గ్రామఫోను రికార్డు తయారవ్వాలంటే ముందు లక్క పూసిన పళ్ళెం మీద గాడి కోయాలి. మంద్రస్వరం ఎక్కువయితే గాడి వెడల్పై పక్క గాడిలోకి చొరబడుతుంది. పళ్ళెం లోపలి వలయాలకు వచ్చేకొద్దీ నాణ్యం తగ్గుతుంది. మామూలుగా ఈ పని వేరొకరిది. వాన్ గెల్డర్ అదీ తానే చేసేవాడు. మైకు పెట్టిన చెయ్యీ, మీట జరిపిన చెయ్యీ, గాడి కోసిన చెయ్యీ ఒకటే. పని ముగిశాక చివరి గాడికీ లేబులుకూ మధ్యనున్న నున్నటి పట్టీ మీద 'ఆర్.వి.జి.' అని చెక్కేవాడు. ఇప్పటికీ పాత రికార్డులు కొనేవాళ్ళు అట్టనూ లేబులునూ చూశాక, పళ్ళాన్ని దీపం కిందికి ఏటవాలుగా పట్టి ఆ మూడక్షరాలకోసం వెతుకుతారు. ఆ అక్షరాలుంటే వెల వేరు.

ఇదంతా చదివితే బాణీ అనేది ఒంటరి మనిషి సొత్తు అనిపిస్తుంది. కాదు. 1939లో బ్లూ నోట్ కంపెనీని స్థాపించిన ఆల్ఫ్రెడ్ లయన్ బెర్లిన్ నుంచి వలస వచ్చినవాడు. గిల్ మెల్లే అనే సాక్సోఫోన్ కళాకారుడి రికార్డింగు విని, ఆ ధ్వనికి ముగ్ధుడై, తన పాత ఇంజనీరుకు వినిపించి అట్లాగే కావాలని అడిగాడట. నావల్ల కాదు, ఇది చేసినవాడి దగ్గరికే వెళ్ళండి అన్నాడట ఆ ఇంజనీరు. ఆ నిజాయితీపరుడి పుణ్యమా అని 1953లో లయన్ హాకెన్‌సాక్ గడప తొక్కాడు. లయన్‌కు తనకేం కావాలో స్పష్టంగా తెలుసు. వాద్యకారులకు రిహార్సళ్ళకు కూడా డబ్బిచ్చేవాడు. ప్రెస్టీజ్ వంటి పోటీ కంపెనీలు ఆ ఖర్చు పెట్టేవి కావు. కోల్ట్రేన్ అదే హాల్లో 1957 ఆగస్టు 23న ప్రెస్టీజ్‌కు 'ట్రేనింగ్ ఇన్', సెప్టెంబర్ 15న బ్లూ నోట్‌కు 'బ్లూ ట్రేన్' వాయించాడు. వాద్యాల సంఖ్య వేరు కనుక పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. అయినా మూడు వారాల తేడాతో, అదే గది, అదే ఇంజనీరు, అదే టెనర్ సాక్సోఫోన్ అయి ఉండి కూడా రెండూ ఒక ఇంటివి అనిపించవు. రెండవదానిలో ప్రతి వాద్యానికీ ముందే కేటాయించిన చోటు ఉంది. బ్లూ నోట్ ధ్వని వేరుగా ఉండడానికి కారణం లయన్ దాన్ని అట్లా కోరుకోవడమేనని వాన్ గెల్డరే తర్వాత చెప్పుకున్నాడు. బాణీలో అడిగేవాడి వాటా ఎంత, చేసేవాడి వాటా ఎంత అన్నది విడదీయడం నాకు చేతకాలేదు.

అందరూ మెచ్చుకోలేదు. బాస్ విద్వాంసుడు చార్ల్స్ మింగస్ 1960లో డౌన్‌బీట్ పత్రికకు ఇచ్చిన ముఖాముఖిలో, ఆ మనిషి వాద్యకారుల నాదాన్నే మార్చేస్తాడనీ, అందుకే తాను అతని దగ్గరికి పోననీ కుండబద్దలు కొట్టాడు. మింగస్ మాట తీసిపారెయ్యదగ్గది కాదు. 1955లో ఆ హాల్లో మైల్స్ పక్కన నిలబడి వాయించినవాడు. పియానో విషయంలో ఈ ఫిర్యాదు ఇంకా బలమైనది. వాన్ గెల్డర్ ముద్రించిన పియానో తరచు మూతపెట్టిన పెట్టెలోంచి వచ్చినట్టు, చివరలు కత్తిరించినట్టు ఉంటుందని విమర్శకులు అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. నా చెవికీ అట్లాగే ఉంటుంది. కొమ్మువాద్యాలకూ డ్రమ్ములకూ ముందు పీట వేసేసరికి పియానోకు మిగిలిన చోటు అంతేనేమో. ఒకరి బాణీ మరొకరి గొంతు మీద చెయ్యి వెయ్యకుండా ఉండగలదా అన్నది మింగస్ అడిగిన అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. పోయిన సంవత్సరం మా మేనల్లుడు వాళ్ళ అమ్మమ్మ, అంటే మా అమ్మ, పాడిన క్యాసెట్టు ఒకటి తీసుకున్నాడు. 1986లో మా తెనాలి ఇంట్లో టూ-ఇన్-వన్ మీద నేనే రికార్డు చేసినది. నాలుగు మంగళహారతులు. వెనకాల ఫ్యాను చప్పుడు, వీధిలో ఎవరిదో సైకిలు గంట. వాడు దాన్ని నెల రోజులు శుభ్రం చేసి పంపాడు. సొద లేదు, ఫ్యాను లేదు, గొంతు కడిగిన ముత్యంలా ఉంది. వింటూ ఉంటే ఏదో లోటు. రెండోసారి విన్నప్పుడు తెలిసింది: పాదానికీ పాదానికీ మధ్య అమ్మ ఊపిరి తీసుకోవడం లేదు. అమ్మకు ఉబ్బసం ఉండేది. ఆ ఊపిరిలో సన్నని ఈల ఉండేది. దాన్ని వాడు సొదగా భావించి తీసేశాడు. వృత్తిరీత్యా ముప్ఫై ఏళ్ళుగా నేను వింటున్నది ఆ ఈలనే. ఆ చదువు వైపు నన్ను నెట్టిందీ అదే.

వాణ్ణి తప్పుపట్టలేదు. మేమూ అదే చేస్తాం. స్టెతస్కోపు తలకు రెండు ముఖాలుంటాయి. గంట ఆకారంలో ఉన్న ముఖాన్ని తేలికగా ఆనిస్తే మంద్రధ్వనులు వినపడతాయి. పొర బిగించిన ముఖాన్ని గట్టిగా నొక్కితే మంద్రం వెనక్కు తగ్గి, హెచ్చుస్థాయి ధ్వనులు తేటపడతాయి. వినడమంటేనే ఏదో ఒకటి తగ్గించడం. గుండె వైద్యుడు ఊపిరిని పక్కకు నెడతాడు, నేను గుండెను పక్కకు నెడతాను. రోగి ఒకడే.

వాన్ గెల్డర్ 1959 జూలైలో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌కు మారాడు. అద్దాల ప్రాక్టీసు మానేశాడు. ఫ్రాంక్ లాయ్డ్ రైట్ భావాలను అనుసరించిన డేవిడ్ హెంకెన్ చేత కొత్త స్టూడియో కట్టించాడు. 39 అడుగుల ఎత్తున కొయ్య దూలాలు వంపు తిరిగి కలుసుకునే కప్పు. నేను ప్రార్థనామందిరం అనుకోవడం నా ఒక్కడి పొరపాటు కాదు, లోపలికి వెళ్ళినవాళ్ళూ ఆ మాటే రాశారు. లోపల ఆయన నియమాలు కఠినం. తిండీ పానీయాలూ కూడదు. మైకు ముట్టుకోకూడదు. ఏ మైకు ఎక్కడ, ఎందుకు పెడతాడో ఎవరికీ చెప్పేవాడు కాదు. చేతితొడుగులు వేసుకుని పనిచేసేవాడని వాద్యకారులు కథలుగా చెప్పుకునేవారు. వైద్యవృత్తికి దగ్గరివాడు కనుక నాకిది వింతగా తోచదు. 'ఇది బాగుందా, అది బాగుందా' అని ఒక అద్దం తరువాత మరొక అద్దం మార్చి అడిగే పని ఏళ్ళ తరబడి చేసినవాడు మైకులను కూడా అట్లాగే పరీక్షించి ఉంటాడని నా ఊహ. ఊహ మాత్రమే.

కొత్త గదిలో ధ్వని మారింది. హాకెన్‌సాక్‌లో కృత్రిమంగా తెచ్చుకున్న విశాలత ఇక్కడ నిజంగానే ఉంది. 'ఎ లవ్ సుప్రీమ్'లో ఎల్విన్ జోన్స్ డ్రమ్ములు ఆ కప్పును తాకి వస్తున్నట్టే ఉంటాయి. 1970 వచ్చేసరికి, క్రీడ్ టేలర్ నడిపిన సి.టి.ఐ. కంపెనీకి ఫ్రెడీ హబ్బర్డ్ 'రెడ్ క్లే' వంటివి చేస్తున్నప్పుడు, ధ్వని మరింత నున్నబడింది, ఎలక్ట్రిక్ వాద్యాలు చేరాయి. చివరికి లెస్ పాల్ పద్ధతే ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌కూ వచ్చింది. ఆ బహుళ ట్రాకుల విధానం మీద తన విముఖతను వాన్ గెల్డర్ దాచుకోలేదు. వచ్చిన పని మాత్రం కాదనలేదు.

అందరినీ ఆశ్చర్యపరచింది చివరి అంకం. పాత గ్రామఫోను రికార్డులను పూజించేవారు ఆయన తమ పక్షాన ఉంటాడని ఆశించారు. 1995లో ఆయన ఒక పత్రికతో, సంగీతాన్ని వికృతపరచే వాటిలో ఎల్.పి. రికార్డే మొదటిదనీ, అది పోయినందుకు తనకు చింత లేదనీ అన్నాడు. వేల పళ్ళాలు చేతులారా కోసినవాడి మాట ఇది. 1990ల చివరినుంచి తాను ముద్రించిన పాత బ్లూ నోట్ టేపులను తానే డిజిటల్‌లోకి మార్చి ఇచ్చాడు. ఆ సీడీల మీద 'ఆర్.వి.జి. ఎడిషన్' అని ఆయన పేరే వేశారు. కొందరు సంతోషించారు; మరికొందరు ఇవి మరీ గట్టిగా ఉన్నాయనీ, ఎడమ కుడి స్పీకర్ల మధ్య వెడల్పు తగ్గిందనీ నొచ్చుకున్నారు. రెండో ఫిర్యాదుకు ఒక చారిత్రక సమాధానం ఉంది. హాకెన్‌సాక్‌లో ఆయనా లయనూ కూర్చుని విన్నది ఒక్క స్పీకరు మీద. స్టీరియో టేపు నడుస్తున్నా నిర్ణయాలన్నీ ఆ ఒక్క పెట్టె ముందే జరిగాయి. అభిమానులు అసలైనదిగా ఎంచిన ఆ వెడల్పును ఆయన ఆ గదిలో ఎన్నడూ వినలేదు. 2009లో జాజ్ మాస్టర్ గౌరవం అందుకున్నాడు, 2016 ఆగస్టు 25న తొంభై ఒకటో ఏట పోయాడు. ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్ స్టూడియోను చివరిదాకా వదలలేదు.

ఈ వ్యాసం చిత్తుప్రతి మా మేనల్లుడికి పంపాను. మింగస్ దగ్గర ఆగిపోయానన్నాడు. వారం తరవాత మంగళహారతులు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఊపిరి ఉంది. ఫ్యాను కూడా కొద్దిగా ఉంచాడు. సైకిలు గంట మాత్రం తీసేశాడు. అడిగితే, "అది రెండో చరణంలో సరిగ్గా అమ్మమ్మ గమకం మీద పడుతోంది మామయ్యా, నేను ఉంచను" అన్నాడు. నాకు ఆ గంట కావాలి. రెండు రోజులు వాదించాను. వాడు ఒప్పుకోలేదు.